అక్షరానికి పాతిక

ఇంగ్లీషు నాకు రాదు.
రాయడం వచ్చు.
కాంట్రాక్టరు సిగరెట్టట్ట మీద గీసిచ్చిందాన్ని
గోడంత చేస్తా, రేకంత చేస్తా.
ఆర్ అంటే కాలు చాపుకున్న పి.
ఎన్ అంటే మెట్లన్నీ ఊడి
ఒకటే వాలిపోయి మిగిలిన నిచ్చెన.
ఓ అంటే మన సున్నానే, కాస్త కడుపు సాగింది.

ముప్పై ఏళ్లుగా మైపాడు రోడ్డెంబడి
నేను రాసినవన్నీ దాదాపు ఒకటే మాట:
ప్రొహిబిటెడ్. రెస్ట్రిక్టెడ్. నాట్ అలోడ్.
ట్రెస్‌పాసర్స్ అని ఇంకోటి, అందులో ఎస్సులు నాలుగు,
మెలికలు తిప్పీ తిప్పీ మణికట్టు లాగుద్ది.
అక్షరానికి పాతిక.
ఎంత పొడుగు మాటతో ఆపితే అంత కూలి.
ప్రొహిబిటెడ్ పడిందంటే రెండొందల యాభై,
ఆ పూట మా ఇంట్లో చేపల పులుసు.

ఒకసారి కందుకూరు పోతే
పొగాకు చెక్కు మీద నో బిడ్ అని సుద్దముక్కతో ఉంది.
ఎంత వంకర రాత! ఉత్తపుణ్యానికి రాసింది.
దాని పక్కనే తలగుడ్డ తలకింద పెట్టుకోని
ఒకాయన పడుకోనుండాడు, కళ్లు తెరుచుకోనే.

వద్దనడానికి వాళ్లకి ఇన్ని మాటలెందుకబ్బా అని
బ్రష్షు కడుగుతా అనేవాణ్ణి.
మనకి ఒకటే. వద్దు.
అదీ గట్టిది కాదు.
విస్తట్లో చెయ్యడ్డం పెట్టి వద్దంటే
ఇంకో గరిటె పడుద్ది.

మా నాయన నవ్వేవాడు.
"మనూరి బాయికాడ ఏ బోర్డుండింది రా?
టీ కొట్టో మన గ్లాసు చూరులో బోర్లించుండింది,
దాని మీద ఏవన్నా రాసుండారా?
బడి మొహం చూణ్ణోణ్ణి,
నాకు చదవొచ్చింది గదా."
మళ్లీ ఆ ఊసు నేనెత్తలా.

మొన్న తుపాను ముందర
ఉప్పుటేటి గట్టున రొయ్యపిల్లల కంపెనీలో పని.
గేటు పక్కన రేకు. నల్లరంగులో ఎంట్రీ,
దానికి ముందు ఎర్రగా నో.
నల్లవి అయిదూ అయినాయి.
ఎర్ర డబ్బా మూత తీస్తే అడుగున పొక్కు కట్టుంది.
నెల్లూరు పోయి తేవాల.
రెండు రోజులు ఎడతెగని వాన.
రెండు రోజులు ఆ రేకు
రమ్మంటానే ఉండింది.

ఎవురూ చూళ్లా.
పీతలకి పోయే పోలమ్మ ఆమడ దూరాన ఆగి
చుట్టు తిరిగి పోయిందంట.
రేకు కనపడితే చాలు ఆమెకి, అందులో ఏముందో ఎందుకు?
గేటుకాడి ఒరిస్సా కుర్రోడు కూడా
వచ్చినోళ్లనల్లా ఎప్పట్లాగే కర్ర ఊపి తిప్పి పంపించాడంట.

మూడో రోజు నేను డబ్బాతో పోతే
పోలమ్మ మనవరాలు, ఆరో తరగతి,
రేకు కింద మునివేళ్ల మీద నిలబడి
ఒక్కో అక్షరానికీ వేలు పెట్టి చదవతా ఉంది.
"ఎంట్రీ అనే గదా ఉండాది?
ఎంట్రీ అంటే లోపలికి పోవడం. మా సారు చెప్పినాడు."

కుర్రోడు రేకు కేసి చూశాడు. నాకేసి చూశాడు.
నేను నా చెప్పుల కేసి.
పెదాలు కదిలిస్తా చదివాడు, మళ్లీ చదివాడు.
కర్ర గోడకానించి
పక్కకి జరిగాడు.
అవ్వా మనవరాలూ గంప ఊపుకుంటా
గుంటల మధ్య గట్టెంబడి
తిన్నగా ఏటికి పోయినారు,
ముందు నుంచీ వాళ్లు పోయిన దోవనే.

వాళ్లు కనుమరుగయిందాకా మూత తియ్యలా నేను.
తర్వాత తీశా.
రాశా. వాలిన నిచ్చెన, పక్కన సున్నా.

పొద్దుగూకి వాళ్లు తిరిగొచ్చేసరికి
రంగింకా తడారలా.
పిల్ల చూసింది. ఏం అనలా.
సున్నా మీద వేలు పెట్టి చూసుకుంది,
ఎర్రగా అంటింది,
పావడాకి తుడుచుకుంది.
గంపలో పీతలు గరగరమంటా ఉండాయి.

రెండక్షరాలకి యాభై.
తీసుకున్నా. అబద్ధమెందుకు,
తీసుకున్నా.
ఆ వేలిముద్ర మీద మటుకు
మళ్లీ బ్రష్షు పెట్టలా.